పేర్ల మీద కూర్చోనివాళ్లు

పాతికేళ్లలో శ్యామలమ్మ చుట్టిన నూలునంతా విప్పి పరిస్తే, దాన్ని పట్టుకుని వరంగల్ కాశిబుగ్గ నుంచి డోర్నకల్ దాకా పోయి, అక్కడ కూతురింట్లో ఓ పూట అన్నం తిని మళ్లీ వెనక్కి రావచ్చు. పాలకుర్తిలో పుట్టిన మనిషి. పదిహేనో ఏట ఈ ఇంటికి కోడలుగా వచ్చి రాట్నం ముందు కూర్చుంది. ఆమె చుట్టిన కండెలే ఆమె పెనిమిటి వెంకటరాజం చేతిలో జంపఖానాలయ్యేవి. పెళ్లి పందిళ్లలో, బళ్లలో, మీటింగుల్లో వరంగల్ జిల్లా జనం సగం మంది వాటి మీద కూర్చున్నవాళ్లే. అయినా శ్యామలమ్మ మగ్గం మీద చెయ్యి పెట్టింది లేదు. ఆ ఇంట్లో అది మగవాళ్ల పని. ఎందుకని ఆమె అడగలేదు, అడిగినా జవాబు ఎవరి దగ్గరా ఉండేది కాదు.

వెంకటరాజం మంచి పనివాడని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. మొండివాడని గిట్టినవాళ్లు కూడా ఒప్పుకుంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గుడికో బడికో జంపఖానా ఇచ్చే దాతలు దాని మీద తమ పేరు నేయమంటారు కదా, అలా ఎవరైనా వస్తే ఆ పేరు ఎవరిది, ఆ మనిషి ఉన్నాడా పోయాడా అని అన్నీ అడిగి తెలుసుకున్నాకే పడుగు కట్టేవాడు. పేరును మటుకు అంచునే, అన్నిటికన్నా ఆఖరున నేసేవాడు. దానికి కారణముంది. వాళ్లది చుట్టుకుంటూ పోయే మగ్గం కాదు. నేలకు జానెడెత్తున పడుగంతా సాగదీసి కట్టి ఉంటుంది. నేసినంత మేర గట్టిపడుతుంటే, నేసేవాడు దాని మీదే కూర్చుని ముందుకు జరుగుతూ పోతాడు. పేరు ఆఖరున పడితే దాని మీద కూర్చోవలసిన పని ఉండదు. అక్షరం మీద కూర్చుంటే చదువుల తల్లి మీద కూర్చున్నట్టేనని ఆయన నమ్మకం. సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాని మనిషికి అక్షరమంటే ఉన్నంత భయభక్తులు చదువుకున్నవాళ్లలో నేనైతే చూడలేదు.

1978 జూన్‌లో నేతగాళ్ల సొసైటీ మేనేజరు వీరభద్రం పది కాగితాలు చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. జపాను నుంచి ఎన్‌కై అనే బౌద్ధ భిక్షువు నాగార్జునకొండ చూడటానికి వచ్చి, దారిలో వరంగల్‌లో దిగి, సొసైటీ దుకాణంలో జంపఖానాలు చూసి మనసు పడ్డాడట. తన గుడికి పది కావాలన్నాడట. ఒక్కోటి ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. తెల్లటి నేల మీద నడిమధ్య నిలువునా నల్లటి బొమ్మలు. వచ్చే ఏప్రిల్‌లో వాళ్ల గుడిలో పండుగ. సరుకు మద్రాసులో ఓడ ఎక్కాలి కాబట్టి జనవరి ఆఖరుకల్లా వరంగల్ నుంచి కదలాలి. డిజైన్లు వంకరటింకరగా ఉన్నాయని, వెంకటరాజం చెయ్యి పడితే తప్ప అవి కుదరవని వీరభద్రం ఉబ్బేసి పోయాడు.

ఉబ్బేస్తే ఉబ్బనివాడెవడు? వెంకటరాజం పదింటిలోకి తేలికైనదాన్ని, రెండే బొమ్మలున్నదాన్ని ముందు ఎత్తుకున్నాడు. తొమ్మిది రోజుల్లో అయిపోయింది. కుంచెతో రాసిన నల్ల గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ వెంట్రుకంత సన్నబడిందో నూలులో అట్లాగే దించాడు. సందులోవాళ్లంతా వచ్చి చూసి, ఇదేం పువ్వు, ఇదేం పిట్ట అని తలా ఒక మాట అన్నారు.

రెండోది మొదలుపెట్టే ముందు కాగితాలన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. శ్యామలమ్మ కండెలు చుడుతూ వాటినే చూస్తోంది. చదువు రాకపోయినా ఆమెది లెక్క తప్పని కన్ను. పది రంగుల నూలులో తేడా వచ్చిన పోగును దూరం నుంచే పట్టేది. అయిపోయిన జంపఖానాలో పైనున్న బొమ్మే ఇంకో కాగితంలో కూడా పైనే ఉంది. మరో కాగితంలో మూడు బొమ్మలుంటే, పైనున్నదే అడుగున కూడా ఉంది. పువ్వులైతే ఒక వరసలో వస్తాయి. ఇవి వరసలో రావడం లేదు. ఎక్కడ పడితే అక్కడ తిరిగి తిరిగి వస్తున్నాయి.

"ఇవి పూలు గావయ్యా," అంది శ్యామలమ్మ. "ఇవి అక్షరాలు. ఎవ్వలియో పేర్లు."

వెంకటరాజం అప్పుడు ఆ నేసిన జంపఖానా మీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

కాగితాల మూలల్లో చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అవి పట్టుకుని మర్నాడు హన్మకొండ పోయాడు. అక్కడ రాజేశ్వర్ రావు అని, బళ్లో ముప్ఫై ఏళ్లు సంస్కృతం చెప్పి రిటైరైన పంతులుగారున్నారు. పెన్షను రోజు తప్ప మిగిలిన రోజులన్నీ లైబ్రరీలోనే గడిపే మనిషి. ఎవరూ ఏమీ అడగక నోరు ఎండిపోయి ఉన్నాడేమో, ఈ నేతగాడు పది కాగితాలతో గుమ్మంలో నిలబడితే ఆయనకు పండుగే అయింది. అనన్, అనరిత్సు, ఉపరి, రగొర, ఫురున అని ఒక్కొక్కటే పైకి చదువుకున్నాడు. తర్వాత లేచి బీరువా తెరిచాడు. అక్కణ్నుంచి నెల రోజులు వెంకటరాజం పగలు వేరే జంపఖానాలు నేసి, సాయంత్రం పూట సైకిలెక్కి హన్మకొండ పోవడం, రాత్రి అన్నం ముందు కూర్చుని శ్యామలమ్మకు ఆ రోజు పాఠం అప్పజెప్పడం.

ఆ పేర్లు జపానువాళ్లవి కావు. మనవే. అనన్ అంటే ఆనందుడు. రగొర అంటే రాహులుడు, బుద్ధుడి కన్నకొడుకు. ఫురున పూర్ణుడు, షుబొదయ్ సుభూతి, కసెన్నెన్ కాత్యాయనుడు, అనరిత్సు అనిరుద్ధుడు, మొకురెన్ మౌద్గల్యాయనుడు. బుద్ధుడి శిష్యుల్లో ముఖ్యులైన పదిమంది. పుస్తకాలు మోసుకుని మన భిక్షువులు చీనా పోయినప్పుడు ఆ పేర్లూ వాళ్ల వెంట పోయాయి. చీనావాళ్లకు మనలాగా అ ఆ ఇ ఈ లేవు. వాళ్లకు ఒక్కో మాటకు ఒక్కో అక్షరం. అందుకని పేరు ఎట్లా వినిపిస్తే అట్లా వినిపించే అక్షరాలు ఏరి, వాటి సొంత అర్థాన్ని పక్కన పెట్టి, వరసగా కూర్చారు. ఆనందుడికీ అనిరుద్ధుడికీ పైనున్న అక్షరం ఒకటే ఎందుకంటే రెండూ 'అ'తోనే మొదలవుతాయి. శ్యామలమ్మ పట్టుకున్నది అదే. ఆ మాట విని పంతులుగారు, మీ ఇంటావిడకు అక్షరాలు రావని మళ్లీ నా ముందు అనకు అన్నాడట. చీనా నుంచి జపానువాళ్లు ఆ అక్షరాలను తెచ్చుకుని తమ నాలుక ఎట్లా తిరిగితే అట్లా పలికారు. రాహులుడు అట్లా రెండు దేశాలు దాటి రగొర అయ్యాడు.

అన్నిటికీ ధ్వనినే పట్టుకోలేదట. కొన్ని పేర్లకు అర్థం చూసి తమ మాటల్లో కొత్త పేరు పెట్టారట. కాశ్యపుడిని కషో అని ధ్వనితోనూ పిలుస్తారు, 'వెలుగు తాగినవాడు' అని అర్థంతోనూ పిలుస్తారు. శారిపుత్రుడి కథ మరీ చిత్రం. ఆయన శారి అనే ఆమె కొడుకు. ఒకచోట మొత్తం ధ్వనితో రాస్తే, ఇంకోచోట శారి వరకు అట్లాగే ఉంచి, పుత్ర అన్నచోట 'కొడుకు' అనే తమ మాట పెట్టారు. సగం పడుగు మనది, సగం పేక వాళ్లది అని వెంకటరాజం వర్ణించాడు. మరి ఎప్పుడు ధ్వని, ఎప్పుడు అర్థం అని శ్యామలమ్మ అడిగింది. దానికీ పంతులుగారి దగ్గర జవాబుంది. మన దేశమంతా తిరిగిపోయిన హ్యూయాన్‌త్సాంగ్, మాటను మార్చకుండా ధ్వనితోనే ఉంచవలసిన సందర్భాలు అయిదున్నాయని చెప్పాడంటారు. అందులో ఒకటి గౌరవం. కొన్ని మాటలు అర్థం చెబితే పలచబడతాయి, పలకరానివాడు కూడా కష్టపడి అట్లాగే పలకాలి.

శ్యామలమ్మకు అందరిలోకీ నచ్చినవాడు ఉపాలి. జపాను నోట్లో పడి కూడా పెద్దగా అరగనివాడు, ఉపరి అంటారట. ఆయన మంగలాయన. రాజకుమారులకు గుండ్లు గీసేవాడు. ఆ రాజకుమారులూ ఆయనా ఒక్కనాడే సన్యాసం పుచ్చుకుంటే, బుద్ధుడు ముందు ఉపాలికి ఇచ్చాడట, ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఆయనకు మొక్కవలసి వచ్చిందట. ఈ సంగతి విన్న రోజు ఆమె వెంకటరాజానికి ఇంకో ముద్ద ఎక్కువ వడ్డించింది. అంత సంబరపడింది మరి.

సంబరం అక్కడికే సరి. మర్నాడు వెంకటరాజం మగ్గం దగ్గరికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. ఏమైందంటే చెప్పాడు. ఆనందుడు బుద్ధుడి ప్రతి మాటా విని గుర్తుపెట్టుకున్నవాడు, ఆయన మరిచిపోయి ఉంటే లోకానికి ఏమీ మిగిలేది కాదు. అట్లాంటివాడి పేరు మీద తాను తొమ్మిది రోజులు కూర్చున్నాడు, బీడీ కూడా కాల్చాడు. రేపు జపానులో ఇంకెంతమంది కూర్చుంటారో. తెలియక చేసింది తప్పెట్లా అవుతుందని శ్యామలమ్మ సర్దిచెప్పబోయింది. నిన్నటిదాకా తెలియదు, ఇయ్యాల తెలుసు కదా అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తక్కిన తొమ్మిదీ నేయనన్నాడు.

వీరభద్రం ఉరుకుతూ వచ్చాడు. సొసైటీకి మొదటిసారి వచ్చిన పరాయి దేశపు ఆర్డరు అది. వెంకటరాజం మాట ఇచ్చి తప్పితే ఇక ఆ ఇంటికి నూలు రాదని, సభ్యత్వం కూడా ఉండదని చెప్పాడు. "జంపఖానా కూసునేటందుకు గాక నెత్తిన పెట్టుకునేటందుకా రాజమన్నా?" అని గట్టిగానే అడిగాడు. శ్యామలమ్మకు ఆ మాట సబబుగానే తోచింది. ఆమెకు భయం పట్టుకుంది. పెనిమిటి మొండితనం ఇన్నాళ్లూ ముచ్చటగానే ఉండేది, ఇప్పుడు మగ్గానికే ముప్పు తెచ్చేట్టుంది. చివరికి పంతులుగారే మధ్యేమార్గం చెప్పాడు. ఆ భిక్షువుకే ఉత్తరం రాద్దాం, వీటి మీద ఎవరైనా కూర్చుంటారా అని అడుగుదాం.

జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఎన్‌కై సగం ఉత్తరం క్షమాపణలతోనే నింపాడు. సొసైటీ దుకాణంలో జంపఖానాలు గోడకు వేలాడదీసి ఉన్నాయి. వాటిని గోడకు కట్టే తెరలనే అనుకున్నాడట. పరుచుకుని కూర్చుంటారని వెంకటరాజం ఉత్తరం చూశాకే తెలిసిందట. తమ గుడిలోనూ అక్షరం మీద కాలు పెట్టరని, ఈ పదింటినీ పది స్తంభాలకు కడతామని రాశాడు. తాను ఆరేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచి రోజూ ఈ పేర్లు చదువుతున్నానని, ఇవి ఎవరి పేర్లని ఆరా తీసిన మొదటి మనిషి ఈ వరంగల్ నేతగాడేనని కూడా రాశాడు.

వీరభద్రం తల పట్టుకుని నవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందన్నాడు. శ్యామలమ్మ దేవుడికి దీపం పెట్టింది. వెంకటరాజం ఒక్కడే నవ్వలేదు.

"ఆడ ఎవ్వలు కూసోరు. ఈడ నేను కూసుంట గద," అన్నాడు.

నిజమే. అచ్చు ఆయనొక్కడే. అంచునో కొసనో ఉండే పేరు కాదిది, నడిమధ్య నిలువునా పరుచుకున్న పేరు. ఆ మగ్గం మీద దాని మీద కూర్చోకుండా దాన్ని నేసే దారి లేదు. అడ్డంగా ఒక పలక వేసుకుని దాని మీద కూర్చోమని వీరభద్రం సలహా ఇచ్చాడు. పలక కింద పేరే కదా ఉండేది అన్నాడు వెంకటరాజం.

"ఎవ్వలు జూస్తాండ్రయ్యా?" అంది శ్యామలమ్మ.

"కూసున్నోనికి ఎరుకైతది."

అప్పటికి అక్టోబరు వచ్చేసింది. నాలుగు నెలలు కూడా లేవు.

వెంకటరాజం మగ్గాన్నే అడ్డం తిప్పి కట్టాడు. ఆరడుగులు వెడల్పు, మూడడుగులు లోతు. పేరు పక్కకు పడుకుని ఉంటుంది. తాను మగ్గం బయట, అంచు దగ్గర పీట వేసుకుని కూర్చుంటాడు. వంగి నేయవచ్చు, ఎక్కి కూర్చోవలసిన పని లేదు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత, అయిపోయిన మొదటి జంపఖానాను ముందర వేసుకుని, తొమ్మిది రోజుల పనిని రెండు రోజుల్లో పోగు పోగుగా విప్పేశాడు. శ్యామలమ్మ ఆ నూలును మళ్లీ కండెలకు చుట్టింది. ఆనందుణ్ని ఇంకోసారి నేయాలి. వీరభద్రానికి ఈ సంగతి చాలా రోజులు చెప్పలేదు.

మూడడుగులంటే ఎంతని మనకు అనిపిస్తుంది. మోకాళ్లు పీటకు ఆనించి, రొమ్ము గాలిలో పెట్టి, ఎడమ చేత్తో చట్రం పట్టుకుని, కుడి చేత్తో పంజా దించుతూ రోజుకు ఎనిమిది గంటలు ఎవరైనా వంగి చూస్తే తెలుస్తుంది. పంజా అంటే ఇనుప గోళ్ల దువ్వెన, పేకను దిగకొట్టేది. అర్ధశేరు బరువు కూడా ఉండదు, సాయంత్రానికి మణుగు బరువు అవుతుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి ఒక్క మనిషి వల్ల కాలేదు. మూడో జంపఖానా నుంచి కుడి చివరన తెల్లటి నేల నేయమని శ్యామలమ్మకు అప్పగించాడు. ఎవరికీ చెప్పకు అని కూడా అన్నాడు. ఎవరికి చెబుతుంది? పాతికేళ్లు చూసిన పనే కాబట్టి చెయ్యి ఒక్కపూటలో కుదిరింది. పేరు జోలికి మాత్రం ఆయన రానివ్వలేదు. నేసేటప్పుడు ఆ పేరును లోపల్లోపల అనుకునేవాడు, పెదాలు కదలడం ఆమెకు కనిపించేది.

ఎనిమిదోది కోసిన రోజు వెంకటరాజం లేవలేకపోయాడు. నడుము వంగినది వంగినట్టే ఉండిపోయింది. నలుగురు మోసుకుని దవాఖానకు తీసుకుపోయారు. వెన్నుపూస జరిగిందని, నెల రోజులు బల్ల మీద పడుకోవాలని, మగ్గం మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పాడు. జనవరి ఏడో తారీఖు అది. మిగిలినవి రెండు, ఉపాలి, రాహులుడు. ఇంటికి తెచ్చాక వీరభద్రం వచ్చి, ఈ రెండూ ఇంకెవరి చేతనైనా మామూలుగా నేయిస్తానన్నాడు. పాపం, మంచి మాటగానే అన్నాడు. బల్ల మీదున్న మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిదిమందిని నిలబెట్టి, ఇద్దరి మీద కూర్చోవడమా? కాదని తానే నేయడానికి ఆయన ఒంట్లో సత్తువ లేదు.

శ్యామలమ్మ లేచి కొంగు నడుముకు చుట్టింది.

"నూలు పంపు వీరభద్రం. ఇంట్లనే అయితది," అంది.

నాకు ఆ మనిషి మీద ఎంత గౌరవమున్నా అందులో మూడొంతులు ఆ ఒక్క మాటకే. ఎవరు చూస్తారని అడిగిన మనిషే ఆమె. ఆనందుడూ రాహులుడూ ఎవరైతేనేం, ముందు నీ నడుము చూసుకో అని రోజూ గొణిగిన మనిషే. ఆమె నమ్మకం మారిందని నేను చెప్పను. ఆయన కళ్లలో నీళ్లు చూడలేకపోయింది, అంతే. కొన్నిసార్లు అది నమ్మకం కన్నా పెద్దది.

ఉపాలి మూడు అక్షరాలు, మొదటి అక్షరం నిండా గీతలే. వెంకటరాజం బల్ల మీద పడుకుని కాగితం పైకెత్తి పట్టుకుని పోగుల లెక్క చెబుతుంటే ఆమె నేసింది. నాలుగు వేళ్ల మేర తప్పు పోయి, ఆయన చూడకముందే తానే చూసుకుని విప్పేసింది. అడుగున్నర దాటేసరికి ఇంకో చిక్కు వచ్చి పడింది. ఆమె పొట్టి మనిషి. ఆయన చెయ్యి అందినంత దూరం ఆమె చెయ్యి అందదు. ఎంత వంగినా పంజా కొస పడుగును తాకడం లేదు. ఇంకొక్క అడుగు ముందుకు పోవాలంటే నేసినదాని మీద మోకాలు పెట్టాలి. దాని మీద ఉన్నది ఉపాలి. ఆ పూట మగ్గం ఆగిపోయింది. వెంకటరాజం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ఆమె పీట తీసి మగ్గం అవతలి వైపు వేసింది. అక్కడ కూర్చుని, ఆ కొస నుంచి కొత్తగా నేత మొదలుపెట్టింది. నేత ఎప్పుడూ ఒక కొసనే మొదలై రెండో కొసకు పోతుంది. ఎదురు నేత ఆ సందులో ఎవరూ కని విని ఎరగరు. ఇదేం పిచ్చి పని, నడుమ పడుగు బిగుసుకుపోయి పంజా దిగదు, పేరు రెండు ముక్కలై ఊరుకుంటుంది అని ఆయన బల్ల మీద నుంచే మొత్తుకున్నాడు. ఆమె పంజా ఆపలేదు. రెండు వైపుల నేతా పేరు నడుమకు వచ్చి, మధ్యన రెండు వేళ్ల సందు మిగిలింది. ఆయన చెప్పినట్టే పంజా దిగలేదు. అప్పుడామె లోపలికి పోయి బొంతలు కుట్టే దబ్బనం తెచ్చింది. దానికి నూలెక్కించి, ఒక పోగు కిందినుంచి, ఒక పోగు పైనుంచి తీస్తూ, తెల్లవైపు తెల్లది నల్లవైపు నల్లది, రెండు రోజులు కూర్చుని ఆ సందు పూడ్చింది. నడుము పెద్దగా వంచింది లేదు. పేరు మీద వేళ్లు తప్ప ఇంకేమీ పెట్టింది లేదు.

వెంకటరాజం తనను లేపి కూర్చోబెట్టమన్నాడు. దాని మీద చెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు.

"ఈ ఉపాయం మొదాలే జెప్పకపోతివి?"

"మొదాలే అడగకపోతివి," అంది శ్యామలమ్మ.

ఆయన నవ్వాడు, నవ్వితే నడుములో కలుక్కుమంది. ఎనిమిది జంపఖానాల నొప్పి ఆ గదిలోనే ఉంది మరి. రాహులుణ్ని ఆమె ఆయన లెక్క అవసరం లేకుండానే నేసింది. జనవరి ముప్ఫయ్యో తారీఖున పదీ కట్టలు కట్టారు. రసీదు మీద నేసినవారి పేరు రాసేచోట తన భార్య పేరు కూడా రాయమని వెంకటరాజం అడిగాడు. ఆమె సభ్యురాలు కాదు కాబట్టి కుదరదన్నాడు వీరభద్రం. పది జంపఖానాలూ వెంకటరాజం పేరు మీదే ఓడెక్కాయి.

1980 నవంబరులో ఎన్‌కై మళ్లీ వచ్చాడు. ఈసారి నాగార్జునకొండకు కాదు, నేరుగా కాశిబుగ్గకే. బూడిదరంగు బట్టలు, బోడిగుండు, అరవై దాటిన మనిషి. వెంట రాజేశ్వర్ రావు పంతులుగారు ఇంగ్లీషు మాటను తెలుగు చేస్తూ. సందు సందంతా గుమ్మంలోనే ఉంది. వెంకటరాజం అప్పటికి మళ్లీ మగ్గమెక్కాడు గానీ, నిలబడితే ఎడమవైపుకు ఒరిగి ఉంటాడు. ఎదుటివాళ్ల ఇంట్లో మగ్గం మీద ఒకాయన నేసినదాని మీద కూర్చుని నేస్తుంటే భిక్షువు కాసేపు నిలబడి చూశాడు. తర్వాత ఈయన ఒరిగిన నడుమును చూశాడు. ఎవరూ ఏమీ వివరించనక్కరలేకపోయింది. రెండు చేతులూ జోడించి చాలా కిందికి వంగాడు.

కూర్చున్నాక ఒక సందేహం అడిగాడు. రోజూ పొద్దున స్తంభాల దగ్గర దుమ్ము తుడిచేది తానేనట. రెండు పేర్లకు, ఉపరికీ రగొరకూ, నడిమధ్యన వేలికి తగిలే గీత ఒకటుంది, కంటికి కనిపించదు. మిగిలిన ఎనిమిదింటికీ లేదు. దాని అర్థమేమిటి?

వెంకటరాజం చెప్పాడు. మగ్గం తిప్పిన దగ్గర్నుంచి దబ్బనం దాకా, ఏదీ దాచకుండా, తన తెలివితక్కువతనంతో సహా చెప్పాడు. శ్యామలమ్మ తలుపు వెనకాల నిలబడి ఉంటే ముందుకు రమ్మన్నాడు.

భిక్షువు సంచిలోంచి చిన్న పుస్తకం తీశాడు. తమ గుడిలో ఏటా ఏప్రిల్ పండుగనాడు ఆ పదిమంది పేర్లూ చదివాక, గుడికి చేతిపని చేసిపెట్టినవాళ్ల పేర్లు కూడా పైకి చదువుతారట. వెంకటరాజం పేరు కిందటేడే చేరింది. ఇప్పుడు ఈమెది చేర్చాలి. అయితే వాళ్ల పెద్దలు పేర్లను రెండు రకాలుగా మోసుకుపోయారు కదా. ఆమె పేరును ధ్వనితో రాసుకోమంటారా, అర్థంతో రాసుకోమంటారా?

పంతులుగారికి ఇంకేం కావాలి. శ్యామల అంటే నల్లని కాంతి గలదని, వాన కురిసిన చేను ఎట్లా ఉంటుందో ఆ రంగని, అమ్మవారికి ఉన్న పేరని, అర్థంతో రాస్తే ఎంతో అందంగా ఉంటుందని చెప్పుకుపోయాడు. వెంకటరాజం కూడా అర్థమే బాగుందన్నాడు. నలుగురూ అదే ఖాయం చేసేట్టున్నారు.

"జర ఆగుండ్రి సారూ," అంది శ్యామలమ్మ.

అంతమంది ముందు ఆమె మాట్లాడటం అదే మొదలు. "మా అత్త పేరు గూడ శ్యామలనే. కన్నతల్లి పేరు పెట్టి పెండ్లాన్ని ఎట్ల పిలుస్తడని, నేనీ ఇంటికి రాంగనే నా పేరు పూలమ్మ అని మార్చిండ్రు. పొయ్యికాడ నేనుంటి. పూలమ్మా, పూలమ్మా అని పిలుస్తాంటే ఇంకెవ్వర్నో అనుకుంటి. పల్కకపోతే చెవిటిదన్నరు. పదకొండేండ్లు. అత్త పోయినంకనే నా పేరు నాకచ్చింది. అర్థం మంచిదే సారూ, నేను కాదంటలేను. కని అర్థం పెట్టి పిలిస్తే నన్నే అని నాకెట్ల తెలుస్తది? పిలిస్తే పల్కాలె గద."

పంతులుగారు ఆ మాటలను ఇంగ్లీషు చేయడానికి చాలాసేపు తీసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. వెంకటరాజం నేల చూస్తూ కూర్చున్నాడు.

భిక్షువు తల ఊపి పుస్తకం తెరిచాడు. ఆమెను పేరు మళ్లీ మళ్లీ చెప్పమని, ధ్వనిని బట్టి ఒక్కొక్క అక్షరమే తమ రాతలో రాసుకున్నాడు. రాసినదాన్ని వేలితో చూపిస్తూ గట్టిగా చదివాడు. వాళ్ల నాలుకకు 'ల' లేదట.

"షామరమ్మ."

పంతులుగారు దిద్దడానికి నోరు తెరిచాడు. అంతలోకే శ్యామలమ్మ "ఆఁ" అని పలికింది.